పిలకాయలు సొంతంగా రెండు వాక్యాలు రాయాలంటే

టీచరమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చిత్తూరు పక్కన పల్లెలో హైస్కూలు, మీకు ఉద్యోగంలో రెండో ఏడు, ఎనిమిదో తరగతిలో 42 మంది. పాఠం చదవమంటే గడగడా చదివేస్తారు. ప్రశ్న అడిగితే గైడులో ఉండేది అప్పజెప్తారు. సొంతంగా ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయమంటే మాత్రం పెన్ను నోట్లో పెట్టుకుని బోర్డుకేసి చూస్తూ కూర్చుంటారు. పాఠాన్ని పిల్లల బతుక్కు దగ్గర చేయమని ట్రైనింగులో చెప్పారు, పాఠంలో పేర్లు మార్చాను, ఊళ్లు మార్చాను, ఏమీ మారలేదు, సిలబస్సేమో తరుముతా ఉంది, ఏం చేయాలి అని అడిగారు.

ఇరవై ఆరేళ్లుగా ఈ చుట్టుపక్కల స్కూళ్లలోనే ఇంగ్లీషు చెప్తున్నాను. మొదటి ఎనిమిదేళ్లు మీరు చేసిందే నేనూ చేశాను. లండన్ ఉన్నచోట తిరుపతి అన్నాను, టామ్ ఉన్నచోట రాజా అన్నాను. పిల్లలకు పట్టలేదు. రాజా తిరుపతికి పోతే వాళ్లకేంటి? ఆ వాక్యంలో వాళ్లు నాకు చెప్పవలసింది ఏమీ లేదు, నేను వాళ్లనుంచి తెలుసుకోవలసిందీ లేదు. జవాబు ముందే నా దగ్గర ఉంది, ఆ సంగతి వాళ్లకూ తెలుసు. జవాబు చేతిలో పెట్టుకుని అడిగే మనిషికి ఎవరు మాత్రం మనసు పెట్టి చెప్తారు?

మీకు నిజంగా తెలియనిది అడగండి. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

ఇది నాకు తెలిసివచ్చింది ఒక ఎనుము వల్ల, అంటే గేదె వల్ల. పలమనేరు వైపు పనిచేస్తున్న రోజులు. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు మూడు రోజులు బడికి రాలేదు. ఎందుకు రాలేదురా అంటే "ఎనుము ఈనింది సార్" అన్నాడు. మామూలుగా అయితే సరే కూర్చో అని పాఠంలోకి పోయేవాణ్ని. కానీ నేను టౌనులో పెరిగినవాణ్ని, ఎనుము ఈనితే పిల్లవాడికి మూడు దినాలు పనేముంటుందో నాకు నిజంగానే తెలియదు. అడిగాను. దూడ అడ్డం తిరిగిందట. నడిరాత్రి వాళ్ల నాయన పక్క ఊరికి పోయి పశువుల డాక్టరును బండి మీద ఎక్కించుకొచ్చాడట. వీడు సెల్‌ఫోన్ లైటు పట్టుకుని రెండు గంటలు కదలకుండా నిలబడ్డాడట. వాడు చెప్తా ఉంటే ఏడాదంతా నోరు తెరవని ఇద్దరు వెనక బెంచీలోంచి లేచారు. "మావి పడిందా లేదా అడగండి సార్" అన్నారు. మావి అంటే ఏంటో, పడకపోతే ఎంత గండమో, పడినాక దాన్ని గడ్డిలో చుట్టి మర్రిచెట్టుకు ఎందుకు కడతారో వాళ్లే చెప్పారు. నేను బోర్డు మీద మాటలు రాస్తూ పోయాను. కాఫ్, మిడ్‌నైట్, గేవ్ బర్త్. ఉన్నట్టుండి వాడు అడిగాడు: "జున్నుకు ఇంగ్లీషులో ఏమంటారు సార్?"

నాకు రాలేదు. స్టాఫ్‌రూములోంచి డిక్షనరీ తెప్పించాం. జున్నుపాలకు కొలోస్ట్రమ్ అనే మాట దొరికింది. ఆ పాలలో బెల్లం, యాలకులు వేసి ఉడికిస్తే గడ్డకట్టే మన జున్నుకు ఒక్క మాట దొరకలేదు. ఒక్క మాట లేనప్పుడు వివరించాలి కదా. దూడ పుట్టినాక మొదట పిండే పాలతో చేస్తారు అనేదాన్ని ఇంగ్లీషులోకి తేవడానికి క్లాసంతా పది నిమిషాలు కుస్తీ పట్టింది. చివరికి బోర్డు మీదికి వచ్చింది: ఇట్ ఈజ్ మేడ్ ఫ్రమ్ ద ఫస్ట్ మిల్క్.

ఈజ్ మేడ్. అంతకు ముందు రెండు నెలలుగా నేను రామా కిల్డ్ రావణ, రావణ వాజ్ కిల్డ్ బై రామా అని ప్యాసివ్ వాయిస్ తిప్పి తిప్పి చెప్తున్నాను. చంపిందెవరో తెలిసే ఉన్నప్పుడు ఆ వాక్యాన్ని తలకిందులు చేయడం దేనికో ఒక్కరికీ బోధపడలేదు. జున్ను దగ్గర చేసేదెవరన్నది లెక్కలోకి రాదు, దేంతో చేస్తారన్నదే కావాలి. ప్యాసివ్ వాయిస్ ఉన్నదే అలాంటి చోట్లకు. మర్నాడు బెల్లం ఎట్లా వండుతారో రాయమన్నాను. ఆ ఊళ్లో చెరుకు గానుగ చూడని పిల్లవాడు లేడు. చెరుకు నరుకుతారు, రసం పిండుతారు, పెనంలో కాస్తారు, పైన తేలే మడ్డి తీసేస్తారు, అచ్చుల్లో పోస్తారు. ఐదు వాక్యాలు, ఐదూ ప్యాసివ్. ఆ ఏడు ఆ పాఠం మళ్లీ చెప్పే పని పడలేదు.

హ్యాజ్ బీన్, హ్యావ్ బీన్ దగ్గర పిల్లలు ఆగిపోతున్నారని కూడా మీరు రాశారు. పుస్తకంలో పొద్దున్నుంచీ వాన కురుస్తోంది అనే వాక్యం ఉంటుంది. అది తప్పు వాక్యం కాదు, కానీ పిల్లవాడికి దాంతో పనిలేదు. జూన్, జూలైలో తోతాపురి మామిడి గురించి అడగండి. 2025 కాపు మీకు గుర్తుండే ఉంటుంది. ధర పడిపోయింది, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరుస కట్టాయి. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది, మొత్తం 12 రైతు చేతికి రావాలి అన్నారు. ఆ నెలలో మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె నాతో అన్న మాట: "మా నాయన రెండు దినాలుగా ఆడ్నే ఉండాడు సార్, కాయ మెత్తబడతా ఉంది."

ఆ మాట ఉన్నదున్నట్టు బోర్డు మీద తెలుగులో రాశాను. మీ నాయన ఎప్పుడు పోయాడు? మొన్న. ఇప్పుడు వచ్చేశాడా? లేదు. మొన్న మొదలైంది, ఇంకా అయిపోలేదు, మధ్యలో రెండు దినాలు గడిచాయి. దీన్ని చెప్పడానికే ఇంగ్లీషువాడికి హ్యాజ్ బీన్ కావలసి వచ్చింది అన్నాను. మై ఫాదర్ హ్యాజ్ బీన్ వెయిటింగ్ ఫర్ టూ డేస్. రెండు దినాలు అని లెక్క చెప్తే ఫర్, ఆదివారం నుంచి అని మొదలు చెప్తే సిన్స్. తర్వాత ఎవరూ తికమక పడలేదు. ఎందుకంటే ఆ అమ్మాయి నాయన ఇంకా ఆ వరుసలోనే ఉన్నాడు. అదే వారం కలెక్టరుకు ఉత్తరం రాయించాను. ఎవరి లెక్క వాళ్లది, ఎన్ని టన్నులు, ఎన్ని దినాలు, ఎంత ధర. ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలి, ఎక్కడ ముగించాలి అనేది వాళ్లే అడిగి మరీ నేర్చుకున్నారు. ఒకాయన బిడ్డ రాసిన ఉత్తరం కింద సంతకం పెట్టి నిజంగానే పోస్టు చేశాడు.

ఇది నేను కనిపెట్టిన దారి కాదు. బ్రెజిల్‌లో పాలో ఫ్రెయిరీ అనే ఆయన 1963లో అంజికోస్ అనే ఊళ్లో దాదాపు 300 మంది కూలివాళ్లకు నలభై గంటల పాఠాల్లో చదవడం, రాయడం నేర్పించాడు. ఆయన బృందం ముందు వాళ్ల మధ్యకు పోయి వాళ్ల మాటలు విన్నది. వాళ్ల నోట్లో నలిగే మాటలు, వాళ్ల కష్టంతో ముడిపడ్డ మాటలు ఏరుకుని ఆ మాటలతోనే అక్షరాలు నేర్పింది. ఇటుక అనే మాట దగ్గర అక్షరాలూ వచ్చాయి, ఆ ఇటుకతో కట్టిన ఇల్లు ఎవరిది అనే మాటా వచ్చింది. న్యూజీలాండ్‌లో సిల్వియా ఆష్టన్-వార్నర్ మావోరీ చిన్నపిల్లలను ఇవాళ నీకే మాట కావాలి అని అడిగేది, ఆ మాటను అట్ట ముక్క మీద రాసి చేతికిచ్చేది. మర్నాడు పిల్లవాడు దాన్ని గుర్తుపడితే అది వాడి మాట, లేకపోతే పక్కన పెట్టేసేది. ఇద్దరూ చేసింది ఒకటే. ముందు విన్నారు, పాఠం ఆ తర్వాత తయారైంది. మనకు పుస్తకం ముందే చేతికి వస్తుంది కాబట్టి ఆ వినే పని మనం మానేశాం.

వినాలంటే ఏ భాషలో వినాలి? వాళ్ల భాషలోనే. మొదట తెలుగులో, అదీ వాళ్లింటి తెలుగులో చెప్పనివ్వండి. గుడిపాల, నగరి వైపు అయితే ఇంట్లో అరవం మాట్లాడే పిల్లలుంటారు, కుప్పం వైపు కన్నడమూ వినిపిస్తుంది. చెప్పనివ్వండి. నేను నోటుబుక్కులో మూడు వరసలు గీయిస్తాను. మొదటి వరసలో ఇంటి మాట, రెండోదాంట్లో పుస్తకంలో తెలుగు మాట, మూడోదాంట్లో ఇంగ్లీషు మాట. చెనక్కాయలు, వేరుశనగ, గ్రౌండ్‌నట్. ఎనుము, గేదె, బఫెలో. ఇంటి మాటే ముందు వరసలో ఉండాలి, అక్కడ పట్టుబట్టండి. ఎనుము అనేది తప్పు, గేదె అనాలి అని మనం ఒక్కసారి దిద్దితే చాలు, ఆ పిల్ల ఇంక ఇంటి సంగతి బళ్లో ఎత్తదు. మన మాటలు ఇంగ్లీషులోకి ఎట్లా పోతాయి సార్ అని ఒకడు అడిగితే మదనపల్లె సంగతి చెప్పాను. 1919లో రవీంద్రనాథ్ టాగూరు అక్కడి బీసెంట్ కాలేజీలో ఉన్న రోజుల్లోనే జనగణమనను తన చేత్తో ఇంగ్లీషులోకి తెచ్చారు. అంతటి పని మన పక్క ఊళ్లో జరిగిందని తెలిసి పిల్లలు చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నారు.

ఇప్పుడు నేను చేసిన ఒక పెద్ద తప్పు చెప్పాలి. మీరు అది చేయకూడదని చెప్తున్నాను.

పిల్లల సొంత బతుకు అనే మాట నా తలకెక్కిన కొత్తలో 'మా నాన్న' అనే వ్యాసం ఇచ్చాను. ఒక అమ్మాయి చక్కగా రాసింది. నాన్న ఆఫీసుకు పోతాడు, సాయంత్రం వచ్చేటప్పుడు పండ్లు తెస్తాడు, ఆదివారం పార్కుకు తీసుకుపోతాడు. తప్పుల్లేవు. మెచ్చుకుంటూ గట్టిగా చదివాను. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. ఆ అమ్మాయి తల వంచుకుని గీతల స్కేలు కొసను గోటితో గీకుతా ఉంది. విరామంలో దాని స్నేహితురాలు వచ్చి చెప్పింది, వాళ్ల నాయన లేడు సార్, ముందరేడు పోయినాడు, అమ్మ కువైట్‌లో పనికి పోయింది, ఇది అవ్వ దగ్గర ఉంటుంది. ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినలేకపోయాను. ఆ పిల్ల గైడులోంచి దింపింది బద్ధకంతో కాదు, దాచుకోవడానికి. దాచుకునే హక్కు దానికి ఉంది. నేను దాన్ని బలవంతంగా బయటికి లాగాను.

అప్పటినుంచి మనుషుల గురించి రాయమని ఎప్పుడూ అడగను. వస్తువు గురించి అడుగుతాను. మీ ఇంట్లో అన్నిటికంటే పాత వస్తువు ఏది? అది ఎక్కడిది, ఎవరు వాడేవారు, ఇప్పుడు ఎక్కడ పెట్టారు? వస్తువు వెనక మనిషి ఉంటాడు, కావాలనుకున్న పిల్ల ఆ మనిషి దాకా పోతుంది, వద్దనుకున్న పిల్ల రోలు దగ్గరే ఆగిపోతుంది. రెండూ మంచి వ్యాసాలే. ఇంకో ఏర్పాటు: నోటుబుక్కులో పేజీ మూల మడిస్తే దాన్ని నేను ఒక్కణ్నే చదువుతాను, క్లాసులో ఎత్తను. ఆ అమ్మాయి ఆ ఏడాది చివర్లో పేజీ మూల మడిచి, కువైట్ నుంచి ఫోను వచ్చే శుక్రవారం గురించి పదకొండు వాక్యాలు రాసింది. ఏం రాసిందో ఇక్కడ చెప్పను.

సొంత బతుకు అంటే పల్లె, పొలం, పశువు అని కూడా అనుకోకండి. మన కంటికి పల్లె పిల్ల అంటే ఆవు పక్కన నిలబడ్డ పిల్లే కనిపిస్తుంది. నేను సంగటి గురించి అడుగుతుంటే ఒక అమ్మాయి బీటీఎస్ గురించి రాస్తాను సార్ అంది. కొరియా పాటగాళ్లట, ఏడుగురట. ఏడు పేర్లూ, ఎవరు ఎట్లా పాడతారో, ఎవరు ముందు సైన్యంలోకి పోయారో నాకు ఓపిగ్గా చెప్పింది. నాకు తెలియదు కాబట్టి ఆ అమ్మాయికి చెప్పాలనిపించింది. పోలికల డిగ్రీలు ఆ పూటే వచ్చేశాయి, ఎవరు ఎవరికంటే పెద్ద, ఎవరు అందరికంటే చిన్న. క్రికెట్, ఫోన్లో ఆటలు, రీల్స్, అవీ వాళ్ల బతుకే.

తిరుపతిలో పనిచేసిన నాలుగేళ్లలో ఇంకో సంగతి చూశాను. అలిపిరి దగ్గర మా క్లాసు పిల్లవాడు ఒకడి అమ్మ పూలు, నీళ్ల సీసాలు అమ్ముతుంది, సెలవు రోజున కొడుకు తోడుంటాడు. క్లాసులో వాడు ఇంగ్లీషు మాట ఎత్తితే వణికేవాడు. అక్కడ చూస్తే తమిళంలో ఒకరికి, కన్నడంలో ఒకరికి, హిందీలో ఇంకొకరికి జవాబు చెప్తున్నాడు. భాష నేర్చుకోవడం నాకంటే వాడికే బాగా తెలుసు. యాత్రికులు నిన్ను ఏమేం అడుగుతారో రాసుకుని రారా అన్నాను. సోమవారం పద్నాలుగు ప్రశ్నలతో వచ్చాడు. ఎన్ని మెట్లు? ఎంతసేపు పడుతుంది? చెప్పులు ఎక్కడ వదలాలి? సామాన్లు ఎక్కడ ఇవ్వాలి? అలిపిరి దారి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, ఏది తొందరగా అవుతుంది, ఏది ముసలివాళ్లకు మేలు. హౌ మెనీ, హౌ లాంగ్, వేర్, విచ్, అన్నీ అందులోనే ఉన్నాయి. క్లాసును రెండుగా చేసి ఒక సగాన్ని యాత్రికులను చేశాం. పుస్తకంలో రైల్వే స్టేషన్ సంభాషణ వాళ్లు ఆ తర్వాత చదివితే పది నిమిషాల్లో అయిపోయింది. రోజుకో వేషం కట్టే మే నెల గంగమ్మ జాతర కూడా అంతే. సెలవులైపోయి జూన్‌లో బడి తెరవగానే డైరీ రాయించేవాణ్ని. తెల్లటి బైరాగి వేషం, ఎర్రటి బండ వేషం, నల్లటి తోటి వేషం, పిల్లవాడు తాను ఏ రోజు ఏది వేశాడో వరసగా చెప్పాలంటే ఫస్ట్, దెన్, ఆఫ్టర్ దట్ వాడక తప్పదు.

దిద్దే సంగతి. 42 పుస్తకాలు రోజూ దిద్దలేరు, దిద్దకండి. రోజుకు ఏడు చొప్పున తీసుకుంటే ఆరు రోజుల్లో అందరివీ చూడొచ్చు. ఎర్ర పెన్ను పక్కన పెట్టి, ముందు వాళ్లు చెప్పినదానికి ఒక ప్రశ్న రాయండి. దూడకు పేరు పెట్టారా? ఆ రోలు ఇప్పుడు వాడుతున్నారా? మర్నాడు జవాబు రాకుండా ఉండదు. తప్పుల్లో ఒక్కదాన్నే పట్టుకోండి, ఆ వారం క్లాసులో చెప్తున్న వ్యాకరణానికి సంబంధించినదే. మిగతావి కళ్లెదుట ఉన్నా వదిలేయండి. నాకు ఇది అలవాటు కావడానికి రెండేళ్లు పట్టింది, చెయ్యి ఊరుకోదు.

సిలబస్ గురించి మీ భయం నాకు తెలుసు. పాఠం మానేయమని చెప్పడం లేదు, పాఠం ముందు ఒక పీరియడ్ పిల్లలకు ఇవ్వమంటున్నాను. లేఖ, డైరీ, సంభాషణ, వర్ణన, ఇవన్నీ పదో తరగతి దాకా అడిగేవే. మామిడికాయల మీద కలెక్టరుకు ఉత్తరం రాసినవాడికి పరీక్షలో కమిషనరుకు ఉత్తరం రాయడం కొత్త పని కాదు. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే నోటుబుక్కులు చూపించండి. ఒకరిదానిలా ఇంకొకరిది ఉండదు, గైడులోంచి దింపలేదని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

ఒకేసారి అన్నీ మొదలుపెట్టకండి. సోమవారం ఒక్క ప్రశ్న: నిన్న మీ ఇంట్లో నాకు తెలియనిది ఏం జరిగింది? తెలుగులో చెప్పనివ్వండి. ఎవరూ మాట్లాడకపోతే ముందు మీరు మీ ఇంటి సంగతి ఒకటి నిజంగా చెప్పండి, పొయ్యి మీద పాలు పొంగిపోయిన సంగతైనా సరే. ముగ్గురో నలుగురో చెప్తారు, వాటిలో ఒకదాన్ని పట్టుకుని అందరూ కలిసి బోర్డు మీద ఐదు ఇంగ్లీషు వాక్యాలు చేయండి. ఆ ఐదు వాక్యాలు, మీరిప్పుడు చెప్తున్న పాఠం పేరు నాకు రాసి పంపండి. వ్యాకరణంలో ఏది దేనికి అతుకుతుందో కూర్చుని చూసి చెప్తాను.